మా గ్రౌండ్ గేటు తాళం తీయండి

అయ్యా, అమ్మా, నమస్కారం.

జంటనగరాల్లో ఆటస్థలాల తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఆ అధికారులందరికీ, వాళ్లకు ఆర్డర్లు ఇచ్చే పైవాళ్లకీ, ఇక్కడ ఫుట్‌బాల్ వ్యవహారాలు చూస్తున్న పెద్దలకీ ఈ లేఖ. ఒక్క ఆఫీసు పేరు పెట్టి రాయడం లేదు. మా గేటుకు తాళం వేసింది ఎవరో నలుగురిలో పెట్టి ఇబ్బంది పెట్టాలని నాకు లేదు, పైగా ఊరంతా తిరిగితే ఇలాంటి గేట్లు ఇంకా కనిపిస్తాయి. తాళం తీస్తే మాకు చాలు.

ముందు ఆఫీసుకే వెళ్లాం. మొదటి వినతిపత్రం మీద నలభై సంతకాలు, రెండోదాని మీద నూటికి పైనే. రెండుసార్లూ తీసుకున్నారు, ఇన్‌వర్డ్ నంబర్ వేశారు, మర్యాదగానే మాట్లాడారు. జవాబు మాత్రం రాలేదు. తాళం పడి పద్నాలుగు నెలలు అయింది. అందుకే ఇప్పుడు అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

నేను సికింద్రాబాద్ వైపు ఒక బస్తీలో జిరాక్స్ షాపు నడుపుకుంటాను. కోచ్‌ని కాదు, సర్టిఫికెట్లేమీ లేవు. చిన్నప్పుడు ఆడాను, మోకాలు పోయాక సాయంత్రాలు విజిల్ పట్టుకున్నాను, అంతే.

మా బస్తీ మధ్యలోంచి ఒక రోడ్డు పోతుంది. అటు మసీదు గల్లీ, ఇటు పోచమ్మ గుడి గల్లీ. నా చిన్నతనంలో పీర్ల పండక్కి మా అమ్మ బెల్లం పానకం చేసి పంపేది, రంజాన్ నెలలో అటునుంచి సేమియా గిన్నె వచ్చేది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని ఇంట్లో పట్టింపు కూడా ఉండేది. కొన్నేళ్ల కింద ఒక ఊరేగింపు రోజున రాళ్లు పడ్డాయి. ఎవరు ముందు వేశారన్నది ఇప్పటికీ రెండు గల్లీల్లో రెండు కథలుగా చెబుతారు, నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. అప్పటినుంచి గిన్నెలు ఆగిపోయాయి. కిరాణా కొట్లు వేరయ్యాయి, స్కూలు ఆటోలు వేరయ్యాయి. గ్రౌండ్‌లో కూడా పిల్లలు ఈ మూల ఒక గుంపు, ఆ మూల ఒక గుంపు.

అలాంటి చోట ఒక టీమ్ ఎలా పుట్టిందంటే, అవసరం కొద్దీ పుట్టింది. పదహారేళ్ల లోపు పిల్లలకు బస్తీల టోర్నమెంట్ పెడుతున్నారని తెలిసింది. అటు గల్లీలో గట్టిగా ఆడేవాళ్లు ఏడుగురు, ఇటు ఆరుగురు. పదకొండు మంది ఎవరి దగ్గరా లేరు. ఇటువైపు నేనూ, అటువైపు ఏసీలు రిపేరు చేసే ఒక భాయ్, ఇద్దరం మాట్లాడుకుని పదమూడు మందినీ ఒక్కచోట నిలబెట్టాం. మొదటి వారం ఘోరం. ఒక్కడు కూడా అవతలి గల్లీ వాడికి పాస్ ఇవ్వడు. బంతి దొరికితే గోల్ దాకా తనే తీసుకుపోవాలని చూస్తాడు, మధ్యలో పోగొట్టుకుంటాడు, తిట్టుకుంటారు.

అప్పుడు గుర్తొచ్చింది మా పెదనాన్న చెప్పిన రహీం సాబ్ సంగతి. ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే మీలో చాలామందికి ఈ నగరం ఫుట్‌బాల్ నగరమన్న సంగతి ఫైళ్లలో ఎక్కడా కనపడి ఉండదు.

సయ్యద్ అబ్దుల్ రహీం స్కూలు మాస్టారు. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. 1940లలో ఇక్కడి ఫుట్‌బాల్ ఆయన చేతికి వచ్చింది, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసింది ఆయనే. ఇప్పుడు ఆ కాలం ఎలాంటిదో ఒక్కసారి తలుచుకోండి. రజాకార్ల దౌర్జన్యాలు, 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, దాని వెనకే పల్లెల్లో, పట్టణాల్లో జరిగిన హింస, ఆ రెండింటిలోనూ పోయిన ప్రాణాలు. పక్కింటివాడిని నమ్మాలో వద్దో తెలియని రోజులు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, 1950లో, ఈ ఊరి సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి, ఆ రోజుల్లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది సీజన్లో డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది, కలకత్తా మోహన్ బగాన్ లాంటి జట్టును ఫైనల్లో ఓడించి. రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు మన దగ్గరే ఉంది. 1956లో, మళ్లీ 1957లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరు మీద.

ఆ రోజుల్లో ఈ ఊళ్లోంచి తయారైన ఆటగాళ్ల పేర్లు చదవండి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్. ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, తెలుగు మాట్లాడేవాళ్లు, అరవం మాట్లాడేవాళ్లు. బలరాం అమ్ముగూడ కుర్రాడు, పేద ఇల్లు. సిటీకి ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె కోసం రహీం సాబ్ అతనికి రోజుకో రూపాయి ఇచ్చేవాడని చెబుతారు. అప్పట్లో రూపాయి చిన్న మాట కాదు, మాస్టారి జీతంలోంచి అసలే కాదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ జట్టు కోచ్ రహీం. పైన చెప్పిన పేర్లలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరాం ఆ జట్టులో ఉన్నారు. ఆరేళ్ల తర్వాత 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వకపోవడాన్ని మన దేశపు అధికారి ఒకరు తప్పుపట్టారని అక్కడి జనానికి మన మీద కోపం. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుపులు. గోల్‌కీపర్ తంగరాజ్‌కు ఒంట్లో బాగాలేదు, డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు కుట్లు. రహీం సాబ్‌కైతే అప్పటికే క్యాన్సర్. ఆ స్థితిలో ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ రోజు స్టాండ్స్‌లో మన జట్టు కోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని చెప్పుకుంటారు. ఆ వాక్యం ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఆ తర్వాత అరవై ఏళ్లు దాటినా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారం మళ్లీ మన దేశానికి రాలేదు.

ఇంతకీ నాకు గుర్తొచ్చింది పతకాలు కాదు. ఆయన పిల్లలకు పెట్టిన పోటీలు. ఎడమకాలు బలహీనంగా ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలని ఒక టోర్నమెంట్. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోవడానికి వీల్లేదని, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలని ఇంకో టోర్నమెంట్. ఆటలో మెళకువ కోసం పెట్టిన రూలే అది, నాకు తెలుసు. కానీ మా గ్రౌండ్‌లో ఆ రూలు పెట్టి చూశాక దాని ఇంకో పని తెలిసింది. బంతి నీ దగ్గర ఉంచుకోకూడదు, పక్కవాడికి ఇవ్వాలి, ఆ పక్కవాడు మసీదు గల్లీ వాడైనా, పోచమ్మ గుడి గల్లీ వాడైనా. ఇవ్వాలంటే ముందు వాడు ఎక్కడున్నాడో చూడాలి, పిలవాలి, పేరు తెలియాలి. రెండు వారాల్లో మా వాళ్లకు పదమూడు పేర్లూ నోటికి వచ్చాయి. నెలకు ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగడం మొదలైంది.

మొదటి ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లాం. రెండో ఏడాది కప్పు గెలిచాం, పెనాల్టీల్లో. మా గోల్‌కీపర్ ఇస్త్రీ బండి ఆయన కొడుకు, ఆఖరి షాట్ ఆపింది వాడే. ఆ సాయంత్రం రెండు గల్లీలూ రోడ్డు మీదే ఉన్నాయి. రాళ్లు పడిన అదే చోట తీన్‌మార్ వేశారు, ఎవరి డప్పులో ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కప్పు ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్న వచ్చింది. పెద్దవాళ్లం మేం తేల్చలేకపోతే పిల్లలే తేల్చారు: నెలకొక ఇల్లు. పదమూడు మంది, పదమూడు నెలలు. నెలాఖరున ఈ ఇంటి అమ్మ కప్పు తుడిచి ఆ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేది. ఖాళీ చేతులతో ఎలా పంపుతారు చెప్పండి, వెళ్లిన మనిషికి చాయ్, వచ్చేటప్పుడు ఒక గిన్నె. ఏళ్లుగా ఆగిపోయిన గిన్నెలు అలా మళ్లీ కదిలాయి. నా కళ్లతో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక గెలుపుతో అన్నీ సర్దుకుంటాయని నేను అనడం లేదు. 2007లో ఇరాక్ జట్టు ఏషియన్ కప్ గెలిచింది, అదీ 1962లో మనవాళ్లు గెలిచిన జకార్తా స్టేడియంలోనే. దేశం తగలబడుతున్న రోజులు అవి. షియాలు, సున్నీలు, కుర్దులు కలిసి ఆడిన జట్టు. ఫైనల్లో కుర్దు ఆటగాడు కార్నర్ కొడితే సున్నీ అయిన కెప్టెన్ యూనిస్ మహమూద్ తలతో గోల్ వేశాడు, సౌదీ అరేబియా మీద 1-0. బాగ్దాద్ వీధుల్లో జనం అంతా కలిసి గంతులేశారు. కానీ దానికి కొద్ది రోజుల ముందే, సెమీఫైనల్ గెలిచిన సంబరాల మధ్య బాంబులు పేలి యాభై మంది దాకా చనిపోయారు. ఆ గెలుపు నిజం, ఆ చావులూ నిజం. గెలుపు ఇచ్చేది ఒక్క సాయంత్రమే. మర్నాడు ఆ పిల్లలు మళ్లీ ఎక్కడ కలుస్తారన్నదే అసలు ప్రశ్న. మా దగ్గర దానికి జవాబు ఆ గ్రౌండ్. మీరు తాళం వేసింది దానికి.

మన కళ్ల ముందు జరిగింది కూడా చెబుతాను. 2022 మార్చిలో మన ఊరి క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ, దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది, గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో. మా షాపు ముందు టీవీ పెట్టి చూశాం, రెండు గల్లీల పిల్లలూ ఒకరి మీద ఒకరు పడి అరిచారు. అప్పుడు ఆ గెలుపును పట్టుకుని బస్తీ బస్తీకీ ఒక లీగ్ పెట్టి ఉంటే ఎంత బాగుండేది. ఎవరూ పట్టుకోలేదు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన జట్టు ఊరు వదిలి వెళ్లిపోతే ఊళ్లో పెద్ద బాధ కూడా కనిపించలేదు, ఎందుకంటే దాని వేర్లు మన గ్రౌండ్లలో దిగనేలేదు. సిటీ పోలీస్ జట్టుకూ దీనికీ తేడా ఇదేనని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ఆటగాడు ఏ గల్లీ వాడో, ఏ మైదానంలో నేర్చుకున్నాడో ఊరికి తెలుసు.

ఇప్పుడు తాళం పడ్డాక ఏం జరిగిందో చెబుతాను. మొదట గ్రౌండ్‌లో సగం ఫంక్షన్లకు ఇచ్చారు. టెంట్ల కోసం తవ్విన గుంతలు పూడ్చలేదు, మేకులు అక్కడే వదిలేశారు. ఒక పిల్లాడి పాదంలో మేకు దిగింది, మేం అడిగాం. అడిగిన నెలకు "మరమ్మతుల కోసం" అని బోర్డు పెట్టి గేటు మూసేశారు. మరమ్మతుకు ఇంతవరకు ఒక్క తట్ట మట్టి రాలేదు.

1. పిల్లలు రోడ్డెక్కారు. ఆడకుండా ఉండరు కదా. మూడు నెలల కింద మా లెఫ్ట్ వింగ్ కుర్రాడు బంతి కోసం పరిగెత్తి ఆటో కింద పడ్డాడు, కాలు విరిగింది. వాళ్ల నాన్న సెంట్రింగ్ పనికి వెళ్తాడు, కొడుకు దగ్గర ఉండాల్సి వచ్చి ఇరవై రోజుల కూలీ పోయింది. ఆటో నడిపేది కూడా మా బస్తీ మనిషే, అవతలి గల్లీ. అది యాక్సిడెంట్ అని అందరికీ తెలుసు, అయినా ఆ రాత్రి రెండు గల్లీల్లో మగవాళ్లు గుంపులుగా నిలబడ్డారు. ఏసీ భాయ్, నేను ఒంటిగంట దాకా అటూ ఇటూ తిరిగి సర్దిచెప్పాం.

2. డబ్బున్నవాళ్లు టర్ఫ్‌లకు, అంటే అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానాలకు, వెళ్తున్నారు. మా దగ్గర గంటకు వెయ్యి రూపాయల దాకా అడుగుతున్నారు. పదమూడు మందిలో నలుగురి ఇళ్లలో ఆ వాటా ఇవ్వగలరు, మిగతావాళ్లు ఇవ్వలేరు. ఇన్నాళ్లూ మతం పేరుతో ఉన్న గోడ కాస్త కిందికి దిగితే, ఇప్పుడు డబ్బు పేరుతో ఇంకోటి లేస్తోంది.

3. అమ్మాయిలు పూర్తిగా మానేశారు. కప్పు గెలిచాక ఐదుగురు అమ్మాయిలు వచ్చారు, ఇద్దరు అటునుంచి, ముగ్గురు ఇటునుంచి. గ్రౌండ్ ఇంటికి దగ్గర, పెద్దవాళ్లు కళ్లముందు ఉంటారు కాబట్టి పంపారు. ఇప్పుడు రోడ్డు మీదికి ఎవరు పంపుతారు? నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇవాళ దేశం తరఫున ఆడుతోంది, ఆ అమ్మాయి ఫోటో మా పిల్లల్లో ఒకామె స్కూలు పుస్తకం అట్ట మీద అంటించుకుంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా షాపుకు నోట్సు జిరాక్సుకు వస్తుంటుంది. నాకేం చెప్పాలో తోచదు.

4. ఇది అన్నిటికంటే పెద్ద సంగతి, దయచేసి దీన్ని మాత్రం తొందరగా చదివేయకండి. టీమ్ ఉన్న రెండేళ్లలో ఒకసారి వాట్సాప్‌లో పుకారు వచ్చింది, ఫలానా గుడి దగ్గర ఫలానా పని చేశారని. రాత్రి పది గంటలకు. పది నిమిషాల్లో మా పిల్లలు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు, ఇద్దరు బండి మీద వెళ్లి చూసొచ్చారు, అక్కడేమీ లేదని రెండు గ్రూపుల్లోనూ ఫోటో పెట్టారు. పదకొండుకు అందరూ పడుకున్నారు. ఎవరూ పోలీసులను పిలవాల్సిన పని పడలేదు, మీ ఆఫీసులకు ఆ సంగతి తెలియనే తెలియదు. మొన్న పండక్కి ఇంకో పుకారు వచ్చింది. ఈసారి ఫోన్లు లేవు. నెలల తరబడి కలవని పిల్లలు, ఒకళ్లిద్దరు నంబర్లు మార్చారు, కొందరు వేరే పనుల్లో చేరారు, మిగిలినవాళ్లకు ఏం మాట్లాడాలో మొహమాటం. తెల్లారేదాకా బస్తీ అంతా టెన్షన్. నాలుగు రోజులు పోలీసు పికెట్ పెట్టారు. దుకాణాలు మూతపడ్డాయి, రోజు కూలీ మీద బతికేవాళ్లకు నాలుగు రోజులంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పికెట్‌కు అయిన ఖర్చులో నాలుగో వంతుతో మా గ్రౌండ్ చదును అయ్యేదని నాకు అనిపిస్తుంది.

5. గేటు ముందు మిర్చి బండి, చాయ్ బండి, గోళీ సోడా ఆమె. ముగ్గురిలో ఒక్కరే మిగిలారు.

6. స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం కొట్టాలని ఇద్దరు పిల్లలు పట్టుదలగా ఉండేవాళ్లు. ఒకడు ఇప్పుడు డెలివరీ బ్యాగ్ మోస్తున్నాడు. తప్పు పని కాదు, కానీ వాడి వయసు పదిహేడు, కాలిలో ఉన్నది వేరే పని.

ఆఫీసులో మాకు నోటిమాటగా చెప్పిన కారణాలు కొన్ని ఉన్నాయి, వాటికీ జవాబు చెప్పాలి. "తెరిచి పెడితే రాత్రిళ్లు తాగడానికి వస్తారు" అన్నారు. వస్తారు, నిజమే, పిల్లలు లేని గ్రౌండ్‌కు వస్తారు. ఆట నడిచిన రెండేళ్లలో ఎనిమిదింటిదాకా అక్కడ జనం ఉండేవాళ్లు, సీసాలు మేమే ఏరేవాళ్లం. ఇప్పుడు తాళం ఉంది, గోడ దూకి వచ్చేవాళ్లూ ఉన్నారు, సీసాలూ ఉన్నాయి, లేనిది పిల్లలే. "గొడవలు అవుతాయి" అన్నారు. ఆటలో తోపులాటలు అయ్యేవి, విజిల్ ఊది ఇద్దరినీ బయట కూర్చోబెడితే పది నిమిషాలకు మళ్లీ కలిసిపోయేవాళ్లు. ఆ గొడవకు భయపడి గేటు మూస్తే వీధిలో వచ్చే గొడవకు విజిల్ ఊదేవాళ్లు ఉండరు. "ఫంక్షన్ల మీద ఆదాయం వస్తోంది" అన్నది మాత్రం నాకు అర్థమవుతుంది. మీకూ జమా ఖర్చులు ఉంటాయి. కానీ గేటు మూశాక ఆ ఆదాయం కూడా రావడం లేదు కదా.

ఫుట్‌బాల్ పెద్దలకు విడిగా ఒక మాట. మీరు రహీం సాబ్ పేరు సభల్లో తలుచుకుంటారు, దండలు వేస్తారు, సంతోషం. ఆయన చేసిన పనిలో దండ వేయడానికి వీలున్నది కొంచెమే, చేతితో చేయాల్సింది ఎక్కువ. పోటీ పెట్టడం, సైకిల్ అద్దె ఇవ్వడం, గల్లీల్లో తిరిగి పిల్లలను వెతకడం. ఆ పనికి మీలోంచి నెలకు ఒక ఆదివారం ఒక్కరు మా వైపు వచ్చినా మాకు కొండంత అండ.

మేం అడిగేవి ఇవి:

1. రోజూ ఉదయం 5 నుంచి 8 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా గేటు ఉచితంగా తెరిచి ఉంచాలి. మా ఒక్క గ్రౌండే కాదు, మీ చేతిలో ఉన్న ప్రతి బస్తీ గ్రౌండ్. తాళం చెవి బాధ్యత కావాలంటే అటు గల్లీ నుంచి ఇద్దరికి, ఇటు గల్లీ నుంచి ఇద్దరికి, రాతపూర్వకంగా ఇవ్వండి. పేర్లు మేం ఇస్తాం.

2. ఫంక్షన్లకు ఇవ్వాల్సి వస్తే పిల్లల పరీక్షల రోజులు చూసుకుని ఇవ్వండి, డిపాజిట్ తీసుకోండి, గుంతలు పూడ్చి మేకులు ఏరాకే ఆ డిపాజిట్ తిరిగి ఇవ్వండి. ఇంత చిన్న రూలు పెట్టి ఉంటే ఒక పిల్లాడి పాదం బాగుండేది.

3. అమ్మాయిలకు వారంలో మూడు సాయంత్రాలు విడిగా సమయం, గేటు దగ్గర రెండు లైట్లు, తలుపుకు గడియ ఉన్న ఒక టాయిలెట్. గడియ అని ఎందుకు రాస్తున్నానంటే ఇప్పుడున్న దానికి లేదు.

4. బస్తీల మధ్య ఏడాదికొక లీగ్. అందులో ఒక షరతు పెట్టండి: ప్రతి జట్టులో కనీసం రెండు గల్లీల పిల్లలు ఉండాలి. ఒక రౌండ్ రహీం సాబ్ రూలుతో, డ్రిబుల్ లేకుండా, పాస్‌లతోనే ఆడించండి. పెద్ద ఖర్చేమీ లేదు. బంతులు, విజిళ్లు, మజ్జిగ ప్యాకెట్లు. కప్పుకు చందాలు మేం వేసుకుంటాం.

5. ఆదివారాలు, సెలవుల్లో ప్రభుత్వ బడుల మైదానాలు చుట్టుపక్కల పిల్లలకు తెరవండి.

6. ఈ లేఖకు ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదు అనేది కూడా జవాబే, కారణం రాయండి, ఏం చేయాలో మేం చూసుకుంటాం. ఏమీ చెప్పకపోవడమే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

బస్తీలో ఉన్నవాళ్లకు కూడా, మీ ఇంటి దగ్గర ఇలాంటి గేటు ఉంటే సంతకాలు పెట్టించండి, రెండు గల్లీల్లోనూ తిరగండి, ఒక్క గల్లీ సంతకాలతో వెళ్లకండి. మేం మొదటిసారి చేసిన పొరపాటు అదే. ఆ నలభై సంతకాలూ ఒక్క వైపువే, తర్వాత అవతలివాళ్లు నొచ్చుకున్నారు. రెండోసారి ఏసీ భాయ్ వాళ్ల అమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, కర్ర పట్టుకుని మా వైపు ఇళ్లు తిరిగి సంతకాలు పెట్టించింది.

మా కప్పు పద్నాలుగు నెలలుగా గోల్‌కీపర్ వాళ్లింట్లోనే ఆగిపోయింది. గేటు మూసిన నెలలో వాళ్ల వంతు. తర్వాత ఎవరూ తీసుకెళ్లలేదు, ఎవరూ అడగలేదు. మొన్న ఇస్త్రీ బండి ఆయన షాపుకు వచ్చి, "అన్నా, వచ్చే ఇంటివాళ్లకు ఇచ్చేయమంటావా, గేటు తెరిచేదాకా ఉంచమంటావా" అని అడిగాడు. వచ్చే ఇల్లు రోడ్డుకు అటువైపు. ఇచ్చేయమన్నాను. ఈ నెలాఖరు ఆదివారం వాళ్లావిడ తీసుకెళ్తోంది, మేమందరం వెంట వెళ్తున్నాం. పొద్దున ఆరింటికి గ్రౌండ్ గేటు దగ్గర కలిసి అక్కడినుంచి బయల్దేరుతాం. మీలో ఎవరైనా తాళం చెవి పట్టుకుని వస్తే పిల్లలు బంతి తెచ్చుకుంటారు.

ఇట్లు,
రెండు గల్లీల తరఫున,
జిరాక్స్ షాపు అన్న
సికింద్రాబాద్